పంచుకోవడంలో రెండర్థాలు: తెలుగు ప్రొటెస్టెంటు సంఘాల సఖ్యతపై ఒక పరిశీలన

తెలుగులో ‘పంచుకోవడం’ అన్న మాట రెండు దారుల నడుస్తుంది. అన్నదమ్ములు పొలం పంచుకుంటే మధ్యన గట్టు లేస్తుంది. అన్నం పంచుకుంటే పక్కపక్కన కూర్చుంటారు. తెలుగునాట ప్రొటెస్టెంటు సంఘాల పరస్పర సంబంధాల్లో ఈ రెండూ కనిపిస్తాయి. మిషనరీల కాలపు సర్దుబాటు మొదటి రకం పంపకమనీ, చరిత్రకారులు దాన్ని సహకారం పద్దులో వేయడం పొరపాటనీ ఈ వ్యాసం వాదన.

పంపకం సంగతి ముందు చూద్దాం. లండన్ మిషన్ 1805లో విశాఖపట్నం చేరింది. అమెరికన్ బాప్టిస్టు శామ్యూల్ డే 1840లో నెల్లూరులో దిగాడు. మరుసటి ఏడు చర్చ్ మిషనరీ సొసైటీ (సి.ఎం.ఎస్.) తరఫున నోబుల్, ఫాక్స్ మచిలీపట్నం వచ్చారు. 1842లో లూథరన్ హయ్యర్ గుంటూరు చేరాడు, 1874లో కెనడియన్ బాప్టిస్టులు కాకినాడలో కుదురుకున్నారు. ఒకరు పనిచేసే తాలూకాలో మరొకరు కాలు పెట్టరాదన్న పెద్దమనుషుల ఒప్పందం వీరి మధ్య క్రమంగా స్థిరపడింది. దానికే ‘కామిటీ’ అని పేరు. తగాదాలు తగ్గిన మాట నిజమే. కానీ ఒక కుటుంబం లూథరన్ అయిందా, ఆంగ్లికన్ అయిందా అన్నది సిద్ధాంతం తేల్చలేదు. చాలామటుకు కృష్ణకు ఏ ఒడ్డున ఇల్లుందో అదే తేల్చింది.

ఈ గట్టు నేలతో ఆగలేదు, కులంలోకీ పాకింది. 1878 జూలై 3న ఒంగోలు మిషన్ పరిధిలో, గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ ఉద్యమంలో అత్యధికులు మాదిగలు. గుంటూరు లూథరన్లలో, కృష్ణా సి.ఎం.ఎస్. సంఘాల్లో స్థూలంగా మాలల సంఖ్య ఎక్కువ. మిషన్ పేరు చెబితే పేట పేరు తెలిసిపోయే పరిస్థితి చాలాచోట్ల వచ్చింది. రెండు సంఘాలు కలవకపోవడానికి బాప్తిస్మ విధానాన్ని కారణంగా చూపే వాదన విన్నప్పుడల్లా, దాని వెనక ఈ పేటల పటాన్ని కూడా పరిచి చూడాలని నాకు అనిపిస్తుంది.

ఈ పటాన్ని లోపలి నుంచి ప్రశ్నించినవారిలో ముఖ్యుడు వి.ఎస్. అజరయ్య. తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు. తెలుగు నేర్చుకుని దోర్నకల్‌లో పనిచేశాడు. 1912లో అక్కడి బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ ఆయనే. 1919 మేలో తరంగంబాడిలో సంఘాల ఐక్యత కోసం జరిగిన సమావేశానికి ఆయన పెద్దదిక్కు. హాజరైనవారిలో ఇద్దరు తప్ప అందరూ భారతీయులే. ఈ చీలికలు మనం తెచ్చుకున్నవి కావు, బయటినుంచి మన మీద పడ్డవి అన్నది వారి ప్రకటన సారం. పరాయి దేశపు పాత తగాదాను దోర్నకల్ పల్లెలో కూలికి వెళ్లే మనిషి ఎందుకు మోయాలన్నది ఆ మాటలో దాగిన ప్రశ్న.

అక్కడ మొదలైన ఐక్యత చర్చలు ఇరవై ఎనిమిదేళ్లు సాగాయి. అజరయ్య 1945 జనవరి 1న కన్నుమూశాడు. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథెడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, అంతకుముందే ఏకమైన ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలవారు అందులో చేరారు. ఆ ఒడంబడికలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది ఒక చిన్న హామీ: ఏ స్థానిక సంఘం మీదా దాని మనస్సాక్షికి ఒప్పని ఆరాధన పద్ధతినిగానీ, పాస్టరునుగానీ రుద్దకూడదు. అయినా బాప్టిస్టులు, లూథరన్లు బయటే ఉండిపోయారు. అంటే నెల్లూరు, ఒంగోలు, గుంటూరు చుట్టుపక్కల సంఘాల్లో పెద్ద భాగం ఐక్యతకు అవతలే మిగిలింది. మన దేశంలో తొలి లూథరన్ మిషనరీలు 1706లో దిగిన రేవు ఐక్యత మాట మొదలైన ఆ తరంగంబాడే కావడం ఒక విచిత్రం.

ఇక రెండో అర్థంలో పంచుకున్నవి. వీటికి ఒడంబడికలు పెద్దగా అక్కర్లేకపోయాయి. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం క్షయ ఆస్పత్రిని 1912లో పలు మిషన్లు కలిసి మొదలుపెట్టాయి. దాని పాత పేరులోనే ‘యూనియన్ మిషన్’ ఉంది. ఒక్క మిషన్ మోయలేని ఖర్చు వారిని కలిపింది. 1964లో రాజమండ్రిలో మొదలై, తర్వాత హైదరాబాదుకు మారిన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలలో లూథరన్, బాప్టిస్టు, దక్షిణ ఇండియా సంఘాల విద్యార్థులు ఒకే బెంచీ మీద చదివారు. అన్నిటికీ మించింది ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం. పాట నెత్తిన రాగం, తాళం అచ్చయి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తన ఎత్తుకున్నాక పాడే గొంతు ఏ సంఘానిదో పోల్చడం కష్టం.

ఇప్పుడు గట్లు చెరిగిపోయాయి. వలసలు, పట్టణాలు, 1938లో దేవదాసు అయ్యగారు ఆరంభించిన బైబిల్ మిషన్, భక్త సింగ్ సహవాసాలు, వీధికొకటిగా లేచిన స్వతంత్ర సంఘాలు పాత తాలూకా లెక్కను చెరిపేశాయి. ఆదివారం పొద్దున ఎదురెదురు మైకులు, ‘మా గొర్రెల్ని తోలుకుపోయాడు’ అనే ఫిర్యాదులు నేటి పోటీ రూపాలు. నేలను పంచడం ఒక్కటే నేర్పిన కామిటీ దగ్గర వీటికి జవాబు లేదు.

జవాబు కోసం గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం వైపు చూడాలి. చాలా ఊళ్లలో ఆ రోజు సిలువ మీది ఏడు మాటలను ఏడుగురు బోధకులకు అప్పగిస్తారు. నీట ముంచి బాప్తిస్మమిచ్చే పాస్టరు రెండో మాట చెబితే, చిలకరించే పాస్టరు మూడోది అందుకుంటాడు. సంఘాలకు నిజంగా పేచీ వచ్చేది ప్రభువు బల్ల దగ్గర. ఆ కూటంలో సాధారణంగా బల్ల ఉండదు, కనుక ఎవరూ దేన్నీ వదులుకోనక్కర్లేదు. ఇది లోపమని కొందరంటారు. నా లెక్కలో ఇది తెలివైన ఆరంభం. ఎవరు ఏ మాట చెప్పారో, ఏ ఏడు ఎవరిని పిలవలేదో రాసిన కరపత్రాలు, పాస్టర్స్ ఫెలోషిప్ మినిట్స్ పుస్తకాలు ఈ చరిత్రకు అసలు ఆధారాలు. అవి గ్రంథాలయాల్లో కంటే పాస్టర్ల ఇళ్లలో, ట్రంకుపెట్టెల అడుగున దొరికే అవకాశమే ఎక్కువ. పాఠకుల్లో ఎవరింట్లోనైనా అలాంటివి ఉంటే పాత కాగితాలవాడికి వేయకండి, ఫొటో తీసైనా దాచండి.