స్థలం ఒకరిది, వ్యాపారం ఇంకొకరిది: సింగపూర్ రాఫిల్స్ హోటల్ యాజమాన్య చరిత్ర

సింగపూర్ బీచ్ రోడ్డులోని రాఫిల్స్ హోటల్ చరిత్రను 1887 డిసెంబర్ 1తో మొదలుపెట్టడం ఆనవాయితీ. ఆర్మేనియన్లైన సార్కీస్ సోదరులు ఆ రోజున పది గదుల బంగళాలో హోటల్ తెరిచారు. ఈ స్థాపకుల కథనంలో తేదీకి వంక పెట్టలేం, కానీ యాజమాన్యం విషయంలో అది సగమే చెబుతుంది. బీచ్ హౌస్ అనే ఆ బంగళా సార్కీస్‌లది కాదు, అరబ్బు వర్తకులైన అల్‌సగాఫ్ కుటుంబానిది. అందులో తొలి హోటల్ కూడా వీరిది కాదు. 1878 నుంచి డాక్టర్ చార్లెస్ ఎమర్సన్ అక్కడ హోటల్ నడిపాడు. 1883లో ఆయన పోయాక ఆ ఇల్లు రాఫిల్స్ ఇన్‌స్టిట్యూషన్ విద్యార్థుల వసతిగృహమైంది. సార్కీస్‌లు అడుగుపెట్టింది ఆ తర్వాతే.

కాబట్టి ఈ హోటల్ పుట్టుకలోనే ఇద్దరున్నారు: నేల గలవాడు, వ్యాపారం నడిపేవాడు. స్థాపకుల కథనం మొదటివాణ్ణి గుమ్మం దగ్గరే వదిలేసింది. ఈ జంట సంబంధం పట్టించుకోకుండా పెనాంగ్‌లోని ఈస్టర్న్ అండ్ ఓరియంటల్, రంగూన్‌లోని స్ట్రాండ్ వంటి సార్కీస్ హోటళ్లను అర్థం చేసుకోవడం కూడా కష్టమే. టిగ్రాన్ సార్కీస్ నిర్వహణ సామర్థ్యం గొప్పదన్న మాటను కాదనలేం. అయినా అద్దె ఇంట్లో పెరిగిన పేరు అది.

వాస్తుశిల్పి బిడ్వెల్ రూపకల్పనతో 1899లో ప్రధాన భవనం వచ్చింది. కరెంటు దీపాలు, ఫ్యాన్లు ఆనాడు చూడవలసిన వింత. అప్పట్లో హోటల్ సముద్రానికి ఎదురుగా ఉండేది. తర్వాత సముద్రాన్ని పూడ్చుకుంటూ పోవడంతో తీరం దూరమైంది, బీచ్ అన్న మాట రోడ్డు పేరులో మాత్రమే మిగిలింది.

ఆర్థిక మాంద్యంలో, 1931లో, సార్కీస్‌ల సంస్థ దివాలా తీసింది. 1933లో రాఫిల్స్ హోటల్ లిమిటెడ్ ఏర్పడింది. వ్యక్తుల చేతుల్లోంచి వాటాదారుల చేతుల్లోకి పోయినా పేరు చెక్కుచెదరలేదు. పేరుకు కూడా దెబ్బ తగిలింది 1942లోనే: జపాన్ ఆక్రమణలో హోటల్ ‘స్యోనాన్ ర్యోకాన్’ అయింది. స్యోనాన్ అంటే జపానువారు సింగపూర్‌కు పెట్టిన పేరు, ర్యోకాన్ అంటే బస. గొడ్డుమాంసం వడ్డించే వెండి బండిని సిబ్బంది పామ్ కోర్టు మట్టిలో పాతిపెట్టారన్న కథ ఆ రోజులదే. యజమాని ఎవరో తేలని వేళ హోటల్‌ను తమదిగా కాచుకున్నది పనివాళ్లేనని ఆ కథ చెబుతుంది.

నూరేళ్లు నిండే ఏడాది, 1987లో, ప్రభుత్వం దీన్ని జాతీయ స్మారక కట్టడంగా ప్రకటించింది. 1989లో మూసి, మరమ్మతుల తర్వాత 1991లో తెరిచారు. ఆపై యాజమాన్యం వేగంగా మారింది: 2005లో అమెరికా పెట్టుబడి సంస్థ కాలనీ క్యాపిటల్, 2010లో ఖతార్ సంస్థ. 2019లో మళ్లీ బాగుచేసి 115 సూట్లతో తెరిచేనాటికి ఆస్తి ఖతార్‌వారిది, నిర్వహణ ఫ్రాన్స్‌కు చెందిన అకోర్‌ది. అల్‌సగాఫ్, సార్కీస్‌ల నాటి ఏర్పాటే మళ్లీ కొత్త దస్తావేజులపైకి వచ్చింది.