అరటిపండు వాసన

ఎగువ అహోబిలం గుడి వెనకబడింది. జ్వాలా నరసింహుడి గుడి దారిలో మీరు ఎక్కుతున్నారు. ఒకపక్క లోయలో భవనాశిని నది గలగల, ఇంకోపక్క నిటారుగా కొండబండ. చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

ముందు నడుస్తున్న చెంచు పెద్దాయన ఆగి, గడ్డంతో పైకి చూపిస్తాడు.

బండ చూరు కింద నల్లటి తేనెపట్టు. బారెడు వెడల్పు. ఓ మూల పుట్టిన మెరుపు రెప్పపాటులో పట్టంతా పాకి ఆరిపోతుంది. మళ్లీ ఇంకోటి. వందల కొండతేనెటీగలు వరసగా పొట్టలు పైకెత్తి దించుతున్నాయి. పట్టు చుట్టూ తిరిగే కందిరీగను అవి బెదరగొట్టే తీరు అది.

"సప్పుడు సేయకుండా రా సామీ."

అడుగులో అడుగు వేస్తున్నారు.

మణికట్టు మీద చురుక్కుమంది. చెయ్యి విదిలించారు. ఈగ రాలిపోయింది. ఇక అది బతకదు. ముల్లు మాత్రం చర్మంలోనే ఉంది. దాని మొదట్లో తెల్లటి చిన్న సంచి, ఇంకా కొట్టుకుంటూ విషం దించుతోంది.

ముక్కుకి మగ్గిన అరటిపండు వాసన.

మీ సంచిలో పళ్లు లేవు. కిందే కోతులు లాక్కుపోయాయి. వాసన మీ చేతి నుంచే వస్తోంది.

అది ఈగ వదిలిన కబురు. పేరు ఐసోపెంటైల్ అసిటేట్. అరటిపండు వాసనలో ఉండేదీ అదే. "శత్రువు ఇక్కడున్నాడు, రండి" అని పట్టుని పిలుస్తోంది. కొండతేనెటీగ దానికి తోడు ఇంకో రసాయనం కూడా అంటిస్తుంది. అది త్వరగా ఆరదు.

పైన హోరు పెరిగింది.

పట్టు అంచు విచ్చుకుంటోంది.

రెండోది. మెడ మీద.

చెయ్యి లేచింది. కొట్టాలా?

"కొట్టొద్దు!"

నలిగితే మళ్లీ అదే వాసన. ఇంకో పిలుపు.

గోటితో ముల్లు గీకేశారు. తువ్వాలు తల మీదికి. ముక్కు మూయండి. కళ్లు కాపాడుకోండి. ఆగొద్దు. నడవండి. ఇంకా వేగంగా. మలుపు. బండ. ఇంకో మలుపు.

హోరు సన్నగిల్లింది.

జ్వాల దగ్గర పైనుంచి నీళ్లధార. మణికట్టు దాని కింద పెట్టారు. చెయ్యి ఇంకా వణుకుతోంది.

"మరి తేనె ఎట్లా తీస్తారు పెద్దాయనా?"

"పొగ పెడతాం సామీ. పొగలో వాటికి వాసన తెలీదు. పిలుపు అందకపోతే రావు."

మీ చెయ్యి పట్టుకుని వాసన చూస్తాడు.

"ఇంకా ఉంది. బాగా కడుగు. దిగేటప్పుడూ ఆ బండ కిందనే పోవాల."

మళ్లీ కడుగుతారు. మోచేతి దాకా.