బడిలో పుట్టిన నాటకము - బడికి రాని విద్య

ఆధునిక తెలుగు నాటకమునకు తొలి అడుగులు వేసినవారిలో బడిపిల్లలు ముందువరుసలో ఉన్నారు. ఈ సంగతి ఎరిగినవారు కూడ దానిని అంతగా పట్టించుకొన్నట్లు కనపడదు.

1880లో ధార్వాడ నాటక సమాజమువారు రాజమహేంద్రవరమునకు వచ్చి, పాకలు వేసి, నాటకములాడి వెళ్ళిపోయిరి. అక్కడ తెలుగు పండితులుగా నుండిన కందుకూరి వీరేశలింగముగారు తమ విద్యార్థులను కూడగట్టి ఆ పాకలలోనే 'చమత్కార రత్నావళి'ని ఆడించిరి. షేక్స్పియరు రచించిన కవలల హాస్యనాటకమునకు అది తెలుగు రూపము. ఒకే పోలికగల ఇద్దరిని ప్రేక్షకుడు వేరుపరచి గుర్తింపవలెనన్నచో, నడక, గొంతు, ఉడుపులు, రంగముపై ఏ వైపునుండి ఎవరు ప్రవేశింపవలెను అను విషయములన్నియు ఆలోచింపక తప్పదు. అది పద్యము వల్లెవేసి నేర్చుకొను విద్య కాదు.

ఆ పిమ్మట నాటకము బడి దాటిపోయినది. 1885లో సురభివారు 'కీచక వధ'తో కుటుంబ నాటకశాలకు నాంది పలికిరి. 1886లో బళ్ళారియందు ధర్మవరం రామకృష్ణమాచార్యులవారి సరసవినోదినీ సభ వెలసినది. 1892లో విజయనగరమున 'కన్యాశుల్కము' రంగమెక్కినది. నాటకశాలలు పెరిగినవి, నటులకు కీర్తి వచ్చినది. బడికి మిగిలినదేమి? వార్షికోత్సవమునాటి ఒక ఏకాంకిక. పాఠ్యపుస్తకములో ఒక రంగము, దానికి ప్రతిపదార్థము, సందర్భవాక్యము. నాటకమును విభక్తులుగా విడదీయుట నేర్చిన బాలునకు తెర ఎందుకు లేచునో, ఎందుకు పడునో చెప్పువారు లేకపోయిరి.

తెలంగాణమున కథ ఇంకొక తీరు. 1948కి పూర్వము నిజాము ప్రభుత్వ ఉన్నత పాఠశాలలలో బోధన ఉర్దూలో సాగినందున, తెలుగు నాటకమునకు అక్కడ చోటు తక్కువ. అట్లని ఊళ్ళలో రంగస్థలము లేదనరాదు. నిజామాబాదు జిల్లాలో గోదావరి చెంతనున్న మెండోర, ఆర్మూరు ప్రాంతమును చూడుడు. పసుపు చేలకు పేరుపడిన ఈ సీమలో బడికన్న ముందే చిందు యక్షగానమున్నది. మాదిగవారిని ఆశ్రయించి జీవించిన చిందు కళాకారులు ఊరూర తిరిగి ఆడిన ఆట ఇది.

దాని రంగవిద్య గమనింపదగినది. ఎత్తైన వేదిక లేదు. ప్రేక్షకులు చుట్టును కూర్చుందురు. ఇద్దరు పట్టుకొను తెర వెనుకనుండి పాత్ర తన ప్రవేశ దరువుతో వచ్చును. ముఖమునకు అర్దళము పూయుదురు. కిరీటములు, భుజకీర్తులు తేలికయైన పొణికి కర్రతో చేసినవి. గోదావరి ఆవలి ఒడ్డున నిర్మల బొమ్మలు చెక్కుటకు వాడునదియు ఆ కర్రయే. బరువైన కిరీటముతో రాత్రియంతయు చిందు త్రొక్కుట ఎవరి తరము? ఏ వస్తువు ఏల ఎన్నుకొనబడినదో చెప్పు పాఠము ఇంతకన్న ఎక్కడ దొరకును? రేడియో నాటకము నడుపు మాబోంట్లకు తెరయు లేదు, రంగును లేదు. కనుకనే కాబోలు, ఈ విద్యను చూచినప్పుడు కొంత అసూయ కలుగును.

మరియొక విశేషము. నగర రంగస్థలమున స్థానం నరసింహారావుగారు స్త్రీపాత్రలు ధరించి, 1956లో పద్మశ్రీ పొందిరి. చిందులో స్త్రీలే గజ్జె కట్టిరి. ఈ జిల్లాకు చెందిన చిందుల ఎల్లమ్మగారు బాల్యముననే ఆడనారంభించి, వార్ధక్యమువరకు ఆడి, 2005లో కన్నుమూసిరి. 2024లో చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యగారికి పద్మశ్రీ లభించినది. బిరుదులు వచ్చుచున్నవి, సంతోషమే. కాని ఈ విద్య తల్లిదండ్రులనుండి బిడ్డలకు సంక్రమించునది. బిడ్డలు ఇతర వృత్తులకు పోయిన ఇంట అది ఆగిపోవును. పొట్ట గడవని కళను పట్టుకొని వ్రేలాడుమని వారికి చెప్పుటకు మనకు హక్కు లేదు.

2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రము, నాటకముతో కూడిన కళావిద్య పదవ తరగతివరకు తప్పనిసరి కావలెనన్నది. ఈ మాట అమలుకు నోచుకొన్న బడులు అరుదు. మెండోరవంటి ఊరి ఉన్నత పాఠశాలకు ఖరీదైన దీపములు, తెరలు అక్కరలేదు. చిందు మేళమును పిలిపించి, ఒక పూట ఆట కాక ఒక నెల పాఠము చెప్పించి, ఉపాధ్యాయునకిచ్చు గౌరవమును, జీతమును వారికీయవలెను. ఊరి చివర ఆడినవారిని తరగతిగదిలోనికి గురువులుగా ఆహ్వానించుట కొందరు పెద్దలకు కష్టముగా తోచవచ్చును. పిల్లలకు మాత్రము తోచదు. అర్దళము నూరుట ఎట్లో, కిరీటము బరువెంతయో వారు మొదటి గంటలోనే అడుగుదురు.