కత్తెర వెనుక చేతులు: రెస్ట్రిక్షన్ ఎంజైముల చరిత్ర

రెస్ట్రిక్షన్ ఎంజైములను పాఠ్యపుస్తకాలు డి.ఎన్.ఎ.ను కోసే కత్తెరలుగా పరిచయం చేస్తాయి. కాని ఆ పేరుకు అర్థం కోత కాదు, నిరోధం. ఒక బాక్టీరియాలో పెరిగి వెలువడిన వైరస్ మరొక బాక్టీరియాలో పెరగలేకపోవడాన్ని 1952లో సాల్వడార్ లూరియా, మేరీ హ్యూమన్ ప్రకటించారు. మరుసటి సంవత్సరం బెర్తానీ, వైగిల్ కూడా ఇటువంటి నిరోధాన్నే వర్ణించారు. కారణం మాత్రం దాదాపు పదేళ్లు మరుగుననే ఉండిపోయింది.

జెనీవాలో వెర్నర్ ఆర్బర్, పరిశోధక విద్యార్థిని డైసీ డ్యుస్వా 1962లో ఆ ముడి విప్పారు. నిరోధానికి గురైన వైరస్ డి.ఎన్.ఎ. బాక్టీరియా కణంలో ప్రవేశించాక ఛిన్నాభిన్నమవుతోందని వారు చూపారు. బాక్టీరియా తన డి.ఎన్.ఎ.పై మిథైల్ గుర్తులు వేసి దానిని కాపాడుకొంటుందనీ, ఆ గుర్తు లేని పరాయి డి.ఎన్.ఎ.ను ఎంజైము ఖండిస్తుందనీ తరువాత తేలింది.

1968లో మెసెల్సన్, యువాన్ అటువంటి ఎంజైమును శుద్ధి చేశారు. అయితే అది ఒక చోటును గుర్తించి, దానికి దూరంగా మరెక్కడో కోసేది. శాస్త్రానికి అది గొప్ప ఫలితమే గాని, పనిముట్టుగా కొరగాదు. కోత ఎక్కడ పడుతుందో ముందే తెలిసిన ఎంజైము 1970లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో హామిల్టన్ స్మిత్, కెంట్ విల్కాక్స్‌లకు హిమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే బాక్టీరియాలో లభించింది. మరుసటి ఏడు అక్కడే డేనియల్ నేథన్స్ విద్యార్థిని కేథ్లీన్ డన్నా, ఆయనతో కలిసి ఎస్.వి.40 వైరస్ డి.ఎన్.ఎ.ను ఆ ఎంజైముతో 11 ముక్కలుగా కోసి, జెల్‌పై విడదీసింది. జన్యుపటాలను ముక్కల ఆధారంగా గీసే పద్ధతికి ఇది నాంది.

ఇక అతికించే విద్యకు మూలం స్టాన్‌ఫర్డ్‌లో ఉంది. ఇ.కో.ఆర్.1 ఎంజైము జి-ఎ-ఎ-టి-టి-సి వరుసలో రెండు పోగులనూ ఎదురెదురుగా కాక, కొంత ఎడంగా కోస్తుంది. అందువల్ల ప్రతి ముక్క చివరా ఎ-ఎ-టి-టి అనే ఒంటిపోగు తోక మిగులుతుంది. ఈ తోకలు ఒకదానినొకటి పట్టుకొంటాయని 1972లో జానెట్ మెర్ట్జ్, రోనాల్డ్ డేవిస్ చూపారు. ఏ జీవి డి.ఎన్.ఎ. అయినా ఇదే ఎంజైముతో కోస్తే అవే తోకలు వస్తాయి గనుక, పరాయి ముక్కలను జతపరచి లైగేజ్‌తో అతకడం సులువైంది. 1973లో కోహెన్, బోయర్ బృందాలు ఆ దారిలోనే జన్యువులను బాక్టీరియాలోకి చేర్చాయి. బాక్టీరియాలో తయారైన మానవ ఇన్సులిన్‌కు అమెరికాలో 1982లో అనుమతి లభించింది.

1978 నోబెల్ బహుమతి ఆర్బర్, నేథన్స్, స్మిత్‌లకు దక్కింది. వారి అర్హతను శంకించవలసిన పని లేదు. అయితే ప్రచారంలో ఉన్న చరిత్రలు సైతం ఆ మూడు పేర్ల వద్దనే ఆగిపోవడం సమంజసం కాదు. 1962 నాటి జంట పత్రాలలో రెండవదానికి డ్యుస్వా, 1971 పత్రానికి డన్నా, 1972 పత్రానికి మెర్ట్జ్ ప్రథమ రచయిత్రులు.