తొలితరం అంబాసిడర్ కార్ల పునరుద్ధరణ: ‘ఒరిజినల్’ విడిభాగం – చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం

పాత కార్లను పునరుద్ధరించేవారు విడిభాగాల ఎంపికలో ‘ఒరిజినల్’ అనే మాటను కొలబద్దగా వాడతారు. ఉత్తరపారాలో తయారైన తొలితరం అంబాసిడర్ విషయంలో ఈ మాటకు ఒకే అర్థం లేదని, దిగుమతుల నియంత్రణ కాలంలో మేస్త్రీలు చేసిన మరమ్మతులు కూడా ఆ వాహన చరిత్రకు ఆధారాలేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. పాఠపరిష్కరణ పద్ధతులు ఈ చర్చకు ఎంతవరకు తోడ్పడతాయో పరిశీలిస్తుంది.

కీలక పదాలు: అంబాసిడర్, మోరిస్ ఆక్స్‌ఫర్డ్, విడిభాగాలు, పునరుద్ధరణ, పాఠపరిష్కరణ, వృత్తిపదాలు.

1. ఉపోద్ఘాతం

హైదరాబాదులోని చౌమహల్లా ప్యాలెస్‌ను చూసినవారికి అక్కడి పసుపురంగు రోల్స్‌రాయిస్ కారు గుర్తుండే ఉంటుంది. దానిని తయారుచేయించిన ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ 1911లో మరణించాడు. ఆ తర్వాత కూడా ఆ కారు రాజలాంఛనాలకే పరిమితమైంది. తక్కువగా తిరిగిన బండిలో అరిగే భాగాలూ తక్కువే. అందువల్ల అటువంటి కారులో కర్మాగారం అమర్చిన భాగమేది, తర్వాత చేరినదేది అన్న ప్రశ్న అంత జటిలం కాదు.

సామాన్యుల మధ్య దశాబ్దాల పాటు తిరిగిన కారు సంగతి వేరు. కలెక్టరు కార్యాలయానికీ, అద్దె టాక్సీకీ, పెళ్లి ఊరేగింపుకీ ఒకే విధంగా పనిచేసిన అంబాసిడర్‌లో మార్చని భాగం దొరకడమే అరుదు. అటువంటి వాహనాన్ని ‘మొదటి స్థితికి’ తేవడమంటే ఏమిటి? ఏ స్థితిని మొదటిదిగా భావించాలి? ఈ రెండు ప్రశ్నలే ప్రస్తుత పరిశీలనకు ఆధారం.

2. ఒక కారు, రెండు మూలాలు

హిందుస్థాన్ మోటార్స్ సంస్థ 1942లో ఏర్పడింది. గుజరాత్‌లోని ఓఖా రేవులో ఆరంభమైన దాని కార్యకలాపాలు 1948లో బెంగాల్‌లోని ఉత్తరపారాకు మారాయి. బ్రిటన్‌కు చెందిన మోరిస్ కార్ల నమూనాలే దాని ఉత్పత్తులకు ఆధారం. 1953లో టారిఫ్ కమిషన్ తన నివేదికలో, దేశంలో తయారీకి నిర్దిష్ట ప్రణాళిక లేని సంస్థలు కేవలం కూర్పు పనులతో కొనసాగరాదని సూచించింది. ప్రభుత్వం ఈ విధానాన్ని ఆమోదించడంతో బొంబాయిలో 1928 నుంచి కార్లను కూరుస్తున్న జనరల్ మోటార్స్ 1954లో ఆ పని ఆపివేసింది. మిగిలిన సంస్థలు క్రమంగా భాగాలను దేశంలోనే తయారుచేయవలసి వచ్చింది.

ఈ నేపథ్యంలోనే 1950ల చివర అంబాసిడర్ వెలువడింది. దాని రూపం బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణిది. అయితే గుండెకాయ వంటి ఇంజను మొదట్లో అది కాదు. బ్రిటన్‌లో ఆ కారుకు 1489 సి.సి. సామర్థ్యం గల బి-సిరీస్ ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజను ఉండగా, ఇక్కడి తొలి అంబాసిడర్లలో అంతకు పూర్వపు మోరిస్ కార్లకు వాడిన 1476 సి.సి. సైడ్ వాల్వ్ ఇంజనును అమర్చారు. 1959లో గాని బి-సిరీస్ ఇంజను ఇక్కడికి రాలేదు. 1962లో ముందు గ్రిల్, డ్యాష్‌బోర్డు మారి ‘మార్క్ 2’ వచ్చింది. అంతకుముందు వచ్చిన బండ్లకు ‘మార్క్ 1’ అనే పేరు తర్వాత స్థిరపడింది.

ఈ వివరం పునరుద్ధరణకు కీలకమైనది. తొలి అంబాసిడర్ యజమాని ఇంగ్లండు నుంచి ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి ఇంజనును తెప్పించి అమర్చితే, ‘మేడిన్ ఇంగ్లండ్’ ముద్ర ఉన్నంత మాత్రాన అది ‘ఒరిజినల్’ కాదు. ఆ కారు పుట్టినప్పుడు లేని మూలాన్ని దానికి అంటగట్టినట్లవుతుంది.

3. విడిభాగాల అన్వేషణ

అన్వేషకులకు ప్రధానంగా రెండు మార్గాలున్నాయి. మొదటిది విదేశీ మార్గం. బి-సిరీస్ ఇంజను ఎం.జి. స్పోర్ట్స్ కార్లలోనూ వాడుకలో ఉండేది. ఆ కార్ల అభిమానుల కారణంగా బ్రిటన్‌లో ఆ ఇంజను భాగాల తయారీ నేటికీ ఆగలేదు. సైడ్ వాల్వ్ ఇంజనుకు ఆ స్థాయి ఆదరణ లేదు. రెండవది దేశీయ మార్గం: కోల్‌కతాలోని మల్లిక్ బజార్, చెన్నైలోని పుదుపేట, ముంబయిలోని చోర్ బజార్ వంటి పాత సామాన్ల అంగళ్లు. తెలుగునేల మీద విజయవాడ ఆటోనగర్ వాహనాల మరమ్మతులకు పేరుపొందిన కేంద్రం.

దొరికిన భాగం నిజమైనదో కాదో తేల్చడానికి అన్వేషకులు చూసేవి దాని మీది గుర్తులు. లూకాస్ సంస్థ తన డైనమో, స్టార్టర్ వంటి వాటిపై తయారీ కాలాన్ని ముద్రించేది. ఈ ముద్ర కారు తయారైన తేదీకి కొంచెం ముందుదైతే ఆ భాగం కారుతో పాటే వచ్చి ఉండే అవకాశం ఉంది. తేదీ తర్వాతిదైతే అది మార్చిన భాగమే. 1961లో మద్రాసులో లూకాస్-టీవీఎస్ సంస్థ ఏర్పడింది. 1960 నాటి కారులో ఆ సంస్థ పేరున్న డైనమో కనబడితే అది తర్వాత చేరినదని నిస్సందేహంగా చెప్పవచ్చు. అయితే ఆ ముద్ర వల్ల మరో విషయం కూడా తెలుస్తోంది. దిగుమతి భాగం స్థానంలోకి స్వదేశీ భాగం ప్రవేశించిన కాలాన్ని అది సూచిస్తోంది. సంగ్రాహకుడు లోపంగా భావించేది చరిత్రకారుడికి శాసనం వంటిది.

ఏ ముద్రా లేని భాగాలు మూడో రకం. దిగుమతులు దుర్లభమైన కాలంలో లేత్ మీద తిప్పి చేసిన బుష్‌లు, మరో బండి నుంచి తెచ్చి సరిపెట్టిన భాగాలు, టింకరింగ్ మేస్త్రీ రేకును సుత్తితో సాగదీసి చేసిన మడ్‌గార్డులు ఈ కోవకు చెందుతాయి. ఈ పనితనానికి లిఖిత ఆధారాలు అరుదు. ఆ భాగాలే దానికి మిగిలిన సాక్ష్యం.

4. పాఠపరిష్కరణతో పోలిక

ఈ సమస్య తెలుగు పరిశోధకులకు కొత్తది కాదు. సి.పి. బ్రౌన్ పండితుల సహాయంతో తాళపత్ర ప్రతులను సేకరించి, పోల్చి, శుద్ధప్రతులు సిద్ధం చేయించాడు. నాటి నుంచి మూలపాఠం, పాఠాంతరం, ప్రక్షిప్తం అనే విభజన మనకు పరిచితమే. కారులో కర్మాగారపు భాగం మూలపాఠం వంటిది. అదే కాలపు ప్రత్యామ్నాయ భాగం పాఠాంతరం. తర్వాత చేరిన డీజిల్ ఇంజను ప్రక్షిప్తం.

కాని ఈ పోలికకు ఒక హద్దు ఉంది. కావ్య పరిష్కర్త ఒక పద్యాన్ని ప్రక్షిప్తమని తొలగించినా ఆ పద్యం ఉన్న తాళపత్రం గ్రంథాలయంలో భద్రంగానే ఉంటుంది. తర్వాతి పరిశోధకుడు ఆ నిర్ణయాన్ని పునఃపరిశీలించవచ్చు. కారు పునరుద్ధరణలో పరిష్కర్త చేతిలో ఉన్నది ఏకైక ప్రతి. అతడు తీసి పాత ఇనుము కింద అమ్మిన భాగం మళ్లీ దొరకదు. కనుక ఇక్కడ పరిష్కర్త బాధ్యత మరింత గురుతరమైనది.

5. ప్రమాణాలు, చట్టం

కట్టడాల పరిరక్షణపై 1964లో వెలువడిన వెనిస్ ప్రకటన, ఒక కట్టడానికి వివిధ కాలాల్లో చేరిన విలువైన అంశాలను గౌరవించాలని పేర్కొంది. ఆ స్ఫూర్తితో చారిత్రక వాహనాల అంతర్జాతీయ సమాఖ్య రూపొందించిన ట్యూరిన్ ప్రకటన 2013లో అమలులోకి వచ్చింది. పరిరక్షణకూ పునరుద్ధరణకూ తేడా చూపడం, చేసిన పనిని నమోదు చేయడం అందులోని ముఖ్యాంశాలు.

మన దేశంలో 2021లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలకు చేసిన సవరణ, యాభై ఏళ్లు దాటిన, వాణిజ్యేతర ద్విచక్ర, చతుశ్చక్ర వాహనాలను ‘వింటేజ్’ వాహనాలుగా గుర్తించింది. వాటికి ‘వి.ఎ.’ అక్షరాలతో ప్రత్యేక సంఖ్యను కేటాయించింది. అయితే వాహనం మూలరూపంలో ఉండాలని, గణనీయమైన మార్పులకు లోనై ఉండరాదని షరతు విధించింది. విచ్చలవిడి మార్పులను అరికట్టడానికి ఈ షరతు అవసరమే. కాని దానిని సంకుచితంగా అన్వయిస్తే, తిరగకుండా షెడ్డులో నిలిచిన సంపన్నుల కారుకు దక్కే గుర్తింపు, మరమ్మతులతో నిలదొక్కుకున్న సామాన్యుడి కారుకు దక్కకపోయే ప్రమాదం ఉంది. మరమ్మతులు లేకుంటే అది ఈనాటి వరకు మిగిలేదే కాదు.

6. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

• తొలితరం అంబాసిడర్‌కు ప్రమాణం ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ కాదు. ఉత్తరపారా నుంచి ఆ సంవత్సరంలో వెలువడిన రూపమే దానికి ప్రమాణం.

• మరమ్మతు భాగాలు దిగుమతుల నియంత్రణ కాలపు సాంకేతిక చరిత్రకు ప్రత్యక్ష ఆధారాలు. పనిచేస్తున్న పాత భాగాన్ని కేవలం ముద్ర కోసం మార్చడం సమంజసం కాదు.

• మార్చక తప్పనప్పుడు తొలగించిన భాగాన్ని ఛాయాచిత్రంతో, వివరాలతో సహా కారుతో పాటు భద్రపరచాలి.

• ఈ చరిత్రలో అధికభాగం మేస్త్రీల జ్ఞాపకాల్లోనే ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన వ్యవసాయ వృత్తిపదకోశం రైతుల పదసంపదను గ్రంథస్థం చేసింది. మోటారు మరమ్మతు వృత్తిపైనా అటువంటి క్షేత్రపరిశోధన జరగాలి.

ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ 2014 మే నెలలో ఆగిపోయింది. తొలితరం బండ్లకు సానపట్టిన చేతులు ఇప్పుడు వృద్ధాప్యంలో ఉన్నాయి. విడిభాగాన్ని వెదికేవారు ఆ భాగాన్ని చేసిన మనిషిని కూడా వెదకవలసిన సమయమిది.