మూకుట్లో కొవ్వు ఎవరిది? కోషర్ వేపుళ్ళ చరిత్ర - మన ప్రశ్నలు

తిండి చరిత్ర రాయడమంటే వంటల పుస్తకం రాయడం కాదు. ఏ జంతువు కొవ్వులో వేగింది, గరిటె ఎవరి చేతిలో ఉంది, వాసన ఎవరింట్లోంచి వచ్చింది - ఈ మూడు ప్రశ్నలు అడిగి మనల్ని ఊరి బయటికి నెట్టారు. యూరప్‌లో యూదుల్ని వెలివేసినప్పుడూ తిండి మాట వచ్చింది. తేడా ఒకటుంది. యూదులు ఆ ప్రశ్నలు తమంతట తాము కూడా వేసుకున్నారు. నలుగురూ తినే వేపుడు తిండి తమ శాస్త్రానికి సరిపడకపోతే మానేసి కూచోలేదు, తమదైన తీరులో చేసుకున్నారు. ఇది పరాయి దేశపు ముచ్చట అని పక్కన పెట్టడానికి లేదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో మాదిగ కుటుంబాలు కొన్ని 1980ల చివర నుంచి తాము యూదులమని చెప్పుకుంటున్నాయి. అందుకే ఈ చరిత్రను మన కళ్ళతో ఒకసారి చదవాలనుకున్నాం.

ముందు నియమాలేమిటో చూద్దాం. హీబ్రూలో 'కోషర్' అంటే తగినది అని అర్థం. లేవీయకాండము 11వ అధ్యాయం ప్రకారం గిట్టలు చీలి నెమరువేసే జంతువు పనికొస్తుంది. కాబట్టి ఆవు, ఎద్దు, గొర్రె, మేక తినొచ్చు, పంది తినకూడదు. నీళ్ళలో బతికే వాటికి రెక్కలూ పొలుసులూ ఉండాలి. చేప తినొచ్చు, రొయ్య, పీత పనికిరావు. మాంసంతో పాలూ వెన్నా కలపకూడదు. 7వ అధ్యాయం మరో మాట చెబుతుంది: ఎద్దు, గొర్రె, మేకల లోపలి కొవ్వు ముట్టకూడదు. వేపుడు దగ్గర చిక్కంతా ఇక్కడే. పంది కొవ్వు కూడదు, పశువు లోపలి కొవ్వు కూడదు, మాంసం వేపడానికి వెన్న కూడదు. మరి మూకుట్లో ఏం పొయ్యాలి?

మధ్యధరా సముద్రం ఒడ్డున ఉన్నవాళ్ళకు ఆలివ్ నూనె దొరికింది. కానీ ఆ నూనే వాళ్ళను పట్టిచ్చింది. స్పెయిన్‌లో 1478లో మతవిచారణ మొదలైంది, 1492లో యూదుల్ని దేశం నుంచి వెళ్ళగొట్టారు. బాప్తిస్మం తీసుకుని ఉండిపోయినవాళ్ళ మీద నిఘా పెట్టారు. అప్పటి చరిత్ర రాసిన ఆంద్రేస్ బెర్నాల్దెస్ అనే మతగురువు వీళ్ళ మీద చేసిన ఫిర్యాదుల్లో ఒకటి, మాంసాన్ని పంది కొవ్వులో కాక నూనెలో వండుతారని, దానివల్ల వాళ్ళ నోళ్ళూ ఇళ్ళూ కంపు కొడతాయని. మతం మారినా వాసన మారలేదన్నమాట. ఈ మాట మనకు కొత్తేమీ కాదు. 'మీరు పెద్దకూర తింటారా' అని అడిగి ఇల్లు అద్దెకివ్వని పట్నం ఇంటి యజమాని ఆ మతగురువుకి వారసుడే. నూనె కంపు కాదు, కొవ్వు కంపు కాదు. కంపు అంటే ఎవరిని బయట ఉంచాలో వాళ్ళ వంట.

రోమ్‌లో 1555లో నాలుగో పాల్ పోపు యూదులకు విడిగా పేట కట్టించి గోడ పెట్టించాడు. పాత బట్టల వ్యాపారం తప్ప మరొకటి చెయ్యగూడదన్నాడు. ధాన్యమూ తిండి సరుకులూ అమ్మనివ్వలేదు. ఆ గోడల మధ్య ఏ వంటలు మిగిలాయో చూడండి. ఆర్టిచోక్ అనే ముళ్ళ మొగ్గను పువ్వులా విప్పి రెండుసార్లు నూనెలో వేయించిన వేపుడు మిగిలింది. ఇవాళ రోమ్‌కి పోయిన ప్రతి యాత్రికుడూ దాన్ని 'యూదుల పద్ధతి' వేపుడు అని అడిగి మరీ తింటాడు. మనుషుల్ని గోడ వెనక పెట్టి వాళ్ళ వంటను మాత్రం నగరానికి అలంకారంగా తీసుకోవడం అక్కడా జరిగింది.

ఉత్తర యూరప్‌లో ఆలివ్ చెట్టు లేదు. చుట్టుపక్కల క్రైస్తవులు పంది కొవ్వులో వేయించేవాళ్ళు. యూదులు పెద్దబాతుల్ని మేపి, వాటి కొవ్వు కరిగించి దాచుకున్నారు. కొవ్వు కరిగాక అడుగున మిగిలిన తోలు ముక్కలు ఉల్లిపాయలతో కరకరలాడేలా వేగితే 'గ్రిబెనెస్' అన్నారు. పొరుగువాడి పంది తోలు వేపుడుకి ఇది వాళ్ళ జవాబు. పోలండ్‌లో క్రైస్తవులు పంది కొవ్వులో వేసే తీపి పిండి ఉండల్ని యూదులు బాతు కొవ్వులోనో నూనెలోనో వేశారు. ఇవాళ హనుక్కా పండక్కి ఇజ్రాయిల్‌లో తినే 'సుఫ్‌గానియా' ఆ వంశంలోదే. బంగాళాదుంప అమెరికా ఖండం నుంచి వచ్చి పేదవాడి తిండి అయ్యాక హనుక్కా అట్టు కూడా దాంతోనే పోశారు. ఏ వంటా ఆకాశం నుంచి ఊడిపడలేదు. పొరుగువాడి వంటే, మూకుట్లో కొవ్వు మాత్రం తమది.

ఇంగ్లండు చేప కథ ఇంకా తమాషాగా ఉంటుంది. స్పెయిన్, పోర్చుగల్‌ల నుంచి తరిమేస్తే పారిపోయిన యూదులు 1656 తర్వాత లండన్‌లో బాహాటంగా బతకగలిగారు. శనివారం పొయ్యి వెలిగించకూడదు కాబట్టి శుక్రవారమే చేపకి పిండి పట్టించి నూనెలో వేయించుకుని మర్నాడు చల్లగా తినేవాళ్ళు. 1860 ప్రాంతంలో తూర్పు లండన్‌లో జోసెఫ్ మాలిన్ అనే యూదుడు దానికి వేయించిన బంగాళాదుంప ముక్కలు కలిపి అమ్మాడని చెబుతారు. అదే ఇంగ్లండు కార్మికుడి తిండి అయింది. తర్వాత ఉత్తర ఇంగ్లండులో చాలా దుకాణాలు దాన్ని పశువు కొవ్వులో వేయించడం మొదలుపెట్టాయి. దాంతో చేప నేర్పినవాడే ఆ కొట్లో చేప తినలేని స్థితి వచ్చింది.

ఫ్యాక్టరీ వచ్చాక కొవ్వు కంటికి కనబడకుండా పోయింది. 1911లో అమెరికాలో పత్తిగింజల నూనెను గడ్డకట్టించి 'క్రిస్కో' అని అమ్మారు. అందులో మాంసమూ లేదు, పాలూ లేవు, కాబట్టి యూదు ఇల్లాలు దేనితోనైనా కలపొచ్చు. 1933లో ఆ కంపెనీ యిద్దిష్, ఇంగ్లీషు భాషల్లో యూదు గృహిణుల కోసం వంటల పుస్తకం వేసింది. ఇప్పుడు చిప్స్ పొట్లం మీద వృత్తంలో 'యు' అక్షరం లాంటి ముద్ర కనిపిస్తే దాని వెనక ఒక తనిఖీ ఉందని అర్థం. నూనె ఏమిటి, అదే కొప్పెరలో ముందు ఏం వేగింది, పైన చల్లిన జున్ను పొడిలో దూడ కడుపులోంచి తీసిన తోడు ఉందా, అన్నీ అడుగుతారు. పాత్ర చెడితే ఒక రోజంతా వాడకుండా ఉంచి నీళ్ళు మరిగించి శుద్ధి చేస్తారు. రొయ్య కావాలంటే తెల్ల చేపను మెత్తగా చేసి రొయ్య ఆకారంలో అచ్చుపోస్తారు. పంది ముక్కల రుచి కావాలంటే సోయాతో చేస్తారు.

ఇంతవరకు నియమం అడిగింది వస్తువునే. కానీ మేము ఇక్కడ ఆగి ఒక నిజం చెప్పాలి. యూదు శాస్త్రం చేతిని కూడా అడుగుతుంది. పచ్చిగా తినలేని, రాజుల బల్ల మీద పెట్టదగ్గ వంటను పూర్తిగా యూదేతరుడే వండితే అది కూడదని పాత నియమం. యూదుడు పొయ్యి వెలిగిస్తే చాలని ఒక శాఖ అంటుంది, గిన్నె పొయ్యి మీద అతనే పెట్టాలని మరో శాఖ అంటుంది. చిప్స్ దగ్గరికొచ్చేసరికి చాలామంది పండితులు ఇది రాజుల బల్ల మీది తిండి కాదు గదా అని చేతి నియమం సడలించారు. చిరుతిండి కాబట్టి ఎవరు వేయించినా సరే, నూనె మంచిదైతే చాలు.

మన దేశంలోనూ వేపుడుకి ఇలాంటి రాయితీ ఉంది. ఉత్తరాదిలో నేతిలో వేగినదాన్ని 'పక్కా' అంటారు, నీళ్ళతో ఉడికింది 'కచ్చా'. పక్కా తిండిని అగ్రకులస్తుడు తనకంటే కింది కులాల్లో కొందరి చేతి నుంచి తీసుకుంటాడు. నెయ్యి మైలను కడిగేస్తుందట. అయితే ఆ రాయితీ మన గుమ్మం దాకా ఎప్పుడూ రాలేదు. మన చేతుల్లో వేగితే నెయ్యి కూడా ఓడిపోయింది. యూదుల చేతి నియమం పరాయివాడితో కలిసిపోకుండా ఒక మైనారిటీ కట్టుకున్న దడి. కులం చేతి నియమం తన పొలంలో పనిచేసేవాణ్ణే పురుగులా చూడటానికి అధికారంలో ఉన్నవాడు కట్టిన గోడ. రెండూ ఒకటి కావు. అలాగని దడి కట్టుకున్నవాడు ఎప్పటికీ గోడ కట్టడని అనలేం. కొచ్చిలో తెల్ల యూదులు, ఒకప్పటి బానిసల సంతతివాళ్ళను సినగాగులో సమానంగా కూచోనివ్వలేదు. ఆ సంతతిలో పుట్టిన ఎ.బి. సాలెం సత్యాగ్రహం చేసి పోరాడవలసి వచ్చింది.

కొంకణ్ తీరంలో బెనె ఇజ్రాయిల్ యూదులు తరతరాలు గానుగ ఆడించి నూనె తీశారు. శనివారం గానుగ ఆపేవాళ్ళు కాబట్టి 'శనివార్ తేలీ' అన్నారు. మాంసంతో పాలు కూడదని కూరల్లో కొబ్బరిపాలు పోసుకున్నారు. ఇక అదే దేశంలో మెజారిటీ మతం కొవ్వు గురించి ఎలా మాట్లాడిందో చూడండి. 1983లో వనస్పతిలో పశువుల కొవ్వు కలిసిందని దేశమంతా గగ్గోలైంది. 2001లో అమెరికాలో మెక్‌డొనాల్డ్స్ బంగాళాదుంప వేపుళ్ళలో గొడ్డుమాంసపు రుచి ఉందని శాకాహారులూ హిందువులూ కోర్టుకెక్కారు. 2002లో కంపెనీ కోటి డాలర్లకు రాజీపడింది. ఏం తింటున్నామో తెలుసుకునే హక్కు అందరికీ ఉంది, మేము కాదనం. కానీ ఇక్కడ రెండు గ్లాసుల పద్ధతి మీద అంత గగ్గోలు ఎన్నడైనా లేచిందా? కొవ్వు కలిస్తే నేరం, మనిషిని విడదీస్తే ఆచారమా?

మళ్ళీ కొత్తరెడ్డిపాలేనికి వద్దాం. యాకోబి సోదరులు షమూయేల్, సాదోక్‌ల నాయకత్వంలో అక్కడివాళ్ళు తమను 'బెనె ఎఫ్రాయిం', అంటే తప్పిపోయిన ఎఫ్రాయిము గోత్రం వాళ్ళమని చెప్పుకున్నారు. కారంచేడు (1985), చుండూరు (1991) జరిగిన నేల మీద, ఆ కాలంలోనే జరిగిన మాట ఇది. అది వంశ సత్యమా కాదా అని తేల్చడం మా పని కాదు. మాకు ముఖ్యం అనిపించింది వేరు. ఆవును తిన్నందుకే మాదిగను అంటరానివాణ్ణి చేశారు. 1948లో అంబేద్కర్ అంటరానితనం మూలాన్ని గొడ్డుమాంసంలోనే చూపించాడు. ఈ కొత్త శాస్త్రంలో ఆవు కోషర్! సిగ్గుపడమన్న తిండి తగిన తిండి అయింది.

కానీ ద్వితీయోపదేశకాండము 14వ అధ్యాయం 21వ వచనం కూడా చదవాలి. చచ్చిన జంతువును మీరు తినవద్దు, మీ గుమ్మాల్లో ఉన్న పరదేశికి ఇవ్వండి లేదా అన్యుడికి అమ్ముకోండి అన్నది దాని సారాంశం. ఊరి గుమ్మంలో నిలబడి చచ్చిన గొడ్డును తీసుకున్న ఆ పరదేశి ఎవరు? మన తాతే. ఇప్పుడు ఆ తాత మనవడు ఆ పుస్తకాన్ని గుమ్మం లోపలినుంచి చదువుతున్నాడు. 1927లో మహద్‌లో అంబేద్కర్ చచ్చిన పశువుల మాంసం మానెయ్యమన్నాడు. ఆయన దాన్ని ఇంకొకడికి అంటగట్టమనలేదు, ఆత్మగౌరవం కోసం మానెయ్యమన్నాడు. మానుకోవడం వేరు, మరొకణ్ణి కింద నిలబెట్టి మానుకోవడం వేరు.

కాబట్టి తిండి నియమం ఏది మన ముందుకొచ్చినా, అది ఏ మతానిదైనా, సంస్కరణ పేరుతో వచ్చినా, రెండు ప్రశ్నలు వెయ్యాలంటాం. ఇది మనం ఎంచుకున్నదా, మన మీద ఎదుటివాడి అసహ్యమా? ఇది వస్తువును అడుగుతోందా, చేతిని అడుగుతోందా? ఎండబెట్టిన తునకలు నూనెలో వేయించుకు తినేవాడికి ఎవరి ముద్రా అక్కర్లేదు. తినననేవాడికీ ఆ స్వేచ్ఛ ఉండాలి. అసలు పరీక్ష బజారులో ఉంది. పేట నుంచి ఒక అమ్మ వచ్చి బస్టాండు ముందు మిరపకాయ బజ్జీల బండి పెడితే, నూనె మంచిదా అని అడిగి కొంటారా, నువ్వెవరమ్మా అని అడిగి వెళ్ళిపోతారా?