కదిలింది ఏ బండి?

మా అవ్వది ఎమ్మిగనూరు. మగ్గాల ఇల్లు. మేము రైలెక్కాలంటే బస్సులో ఆదోనికి రావలసిందే.

ఒకసారి ఆదోని స్టేషన్లో బండిలో కూర్చున్నాం. తాత మరచెంబు పట్టుకుని నీళ్లకు దిగాడు. అవ్వ కిటికీ పక్కనే ఇంకో పట్టా మీద గూడ్సు ఆగి ఉంది. ఉన్నట్టుండి అవ్వ లేచి, "అయ్యో, బండి పోతాంది! మీ తాత ఇంకా ఎక్కల్యా!" అని కేకలు పెట్టింది. గొలుసు లాగబోయింది కూడాను.

తీరా చూస్తే కదిలింది గూడ్సు! పెట్టెలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అటు తరువాత రైలు ప్రయాణమంటే అవ్వ, "మీరు పోయి రాండి" అనేది. ఎంత చిన్నబుచ్చుకుందో నాకప్పుడు తెలియలేదు.

ఆ భ్రమకు పెద్ద చరిత్రే ఉందని తరువాత చదివాను. మద్రాసు, బొంబాయి రైలుదారులు రాయచూరులో కలిసింది 1871లో. తరువాత నాలుగేళ్లకే, 1875లో, ఎర్నెస్ట్ మాక్ అనే శాస్త్రజ్ఞుడు మన కదలిక మనకెలా తెలుస్తుందన్న విషయం మీద ఒక పుస్తకమే రాశాడు. రైలు మలుపు తిరిగేటప్పుడు ఇళ్లూ చెట్లూ ఒరిగినట్టు కనిపించడం ఆయన్ని ఆలోచనలో పడేసిందట. అంతకు ముందే, 1820లలో, ఫ్రాన్సులో ఫ్లూరెన్స్ అనే ఆయన పావురాల లోపలి చెవిలోని వంపు గొట్టాలను తెంపితే అవి నిలదొక్కుకోలేకపోవడం చూశాడు. చెవి ఉన్నది వినడానికొక్కదానికే కాదన్న మాట!

ఒక్కో చెవిలో మూడు గొట్టాలు, వాటిలో ద్రవం. తల తిరిగితే ఆ ద్రవం వెనకబడి మెదడుకు కబురు చేస్తుంది. పక్కనే సన్నని సున్నపు రవ్వలున్న రెండు సంచులు ఒరగడాన్నీ, ముందుకూ వెనక్కూ కదలడాన్నీ చెబుతాయి. అయితే బండి ఆగి ఉన్నా, కుదుపు లేకుండా ఒకే వేగంతో పోతున్నా, చెవికి రెండూ ఒకటే. అప్పుడు మెదడు కంటి మాట నమ్ముతుంది. కంటినిండా ఉన్నది జరిగిపోతుంటే, కదిలేది తానేనని తీర్మానించుకుంటుంది.

1970 ప్రాంతాల్లో జర్మనీలో మనుషుల్ని కూర్చోబెట్టి, చుట్టూ చారల గోడను తిప్పి చూశారు. చారల చీరను చుట్టూ తెరలా కట్టి తిప్పినట్టనుకోండి. కొన్ని క్షణాలకల్లా తామే తిరుగుతున్నట్టు వాళ్లకు తోచింది. అసలు సంగతి తెలిసినవాళ్లకూ అంతే!

ఆనాడు అవ్వ కిటికీనిండా గూడ్సే. ప్లాట్‌ఫారం వైపు కూర్చున్న మాకు కదలని వేపచెట్టు కనిపించింది. ఉన్న తేడా అంతే.

మొన్న పక్క బండి కదిలితే నేనూ గభాలున సీటు పట్టుకున్నాను. మనవరాలు పకపకా నవ్వింది. నాకు మాత్రం అవ్వ మొహం కళ్లముందు మెదిలింది.